పసుపు చుక్కల పుస్తకం

నూజివీడు,
22 సెప్టెంబరు 2024, ఆదివారం.

చిన్నారి అన్వితకు,

స్వామి దయ వల్ల ఇంట్లో అందరం తిరుగుతూనే ఉన్నాం, నా మోకాళ్ళు తప్ప. చేతిలో ఫోను ఉండగా మేనత్త ఉత్తరం రాయడమేంటని అనుకుంటున్నావు కదూ. ఈ ఇంట్లో ఫోనుకి తలుపులు లేవు తల్లీ. మామిడికాయల బేరాలన్నీ దానికే వస్తాయి కనుక మీ మామయ్యా, గుమాస్తా, పక్క కొట్టువాళ్ళూ అందరూ అందులో తలపెడతారు. పోస్టుమేన్ మాత్రం మధ్యాహ్నం పన్నెండింటికి వస్తాడు. అప్పుడు మీ మామయ్య మార్కెట్ యార్డులో ఉంటారు.

నేను కంప్యూటరు ప్రోగ్రాం రాయడం నేర్చుకుందామనుకుంటున్నాను. నవ్వడం అయిపోతే మిగతాది చదువు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయిన వాసన నాకు ఇప్పటికీ తిరిగి రాలేదు. హారతి కర్పూరం కూడా తెలియదు. నాలుగు వేసవులు ఇలాగే దాటించాను. షెడ్డులో కాయలు మగ్గేసిన గడ్డిని కూలీలు పక్కకి తీసి, "అమ్మగారూ, ఒకసారి చూడండి" అంటారు. వంగి, వాసన చూసినట్టు ఒక్క నిమిషం ఆగి, పొద్దున్నే పుస్తకంలో చూసుకున్న లెక్కని బట్టి "రేపు తియ్యండి" అంటాను. సౌభాగ్యలక్ష్మి గారు చూసిన పండు అని ఎక్కడెక్కడి వాళ్ళో నమ్మి కొంటున్నారు. స్వామి ముందు నిలబడినప్పుడల్లా తల దించుకుంటున్నాను.

ఆ పుస్తకం నీకు తెలుసు. మూడో తరగతి సెలవులకి వచ్చినప్పుడు అట్ట మీద చిలుక బొమ్మ అంటించావు, అదే. పందొమ్మిదేళ్ళది. ఏ తోట కాయ, ఏ రోజు గడ్డిలో వేశాం, ఎండా వానా, ఏ రోజు పండింది, అన్నీ ఉన్నాయి. ఇవన్నీ చెబితే ఈసారి ఏ రోజు తియ్యాలో చెప్పే ప్రోగ్రాం నా చేత్తో నేనే రాసుకోవాలి. అప్పుడు మీ మామయ్యకి నిజం చెబుతాను. "ముక్కు పోయిందండీ, కానీ ఇదుగో" అని చూపించడానికి చేతిలో ఒకటి ఉండాలి కదా.

మరి ఏ భాషతో మొదలుపెట్టాలి? పంపుసెట్ల కొట్టాయన "సి రాకపోతే పునాది ఉండదండీ" అంటారు. టీవీలో ఎవరో జావా అన్నారు. మన వీధి చివర లెక్కల టీచరు దయామణి గారిని అడిగితే, "భాష ఏదైనా పర్లేదండీ, పక్కన కూర్చుని చెప్పేవాళ్ళెవరో ముందు చూసుకోండి" అన్నారు. అందుకే నిన్ను చూసుకున్నాను.

వాసన సంగతి స్వామికీ నీకూ తప్ప ఎవరికీ తెలియదు.

విద్య ఊరికే పుచ్చుకుంటే నిలవదని మా అత్తగారు అనేవారు. దక్షిణగా ఏం కావాలో రాయి. విజయదశమి నాడు మొదలుపెడతాను. నువ్వు వదిలేసి వెళ్ళిన పాత లాప్‌టాప్ తుడిచి ఉంచాను.

ఇట్లు నీ శిష్యురాలు కాబోతున్న
అత్తయ్య

•

హైదరాబాదు,
1 అక్టోబరు 2024.

అత్తయ్యా,

నవ్వలేదు. సరే, కొంచెం నవ్వాను, తలుపుల్లేని ఫోను దగ్గర. స్కూల్లో లీవ్ లెటర్ తర్వాత చేత్తో రాస్తున్నది ఇదే. నా అక్షరాలు చూసి నువ్వూ నవ్వుకో, చెల్లుకి చెల్లు.

పైథాన్. ఇంకో మాట లేదు. సి అంటే కట్టెలు కొట్టి, పొయ్యి రాజేసి, అప్పుడు ఎసరు పెట్టడం. పునాది నిజమే, కానీ నీకు కావాల్సింది అన్నం. జావాలో ఒక్క నమస్కారం పెట్టాలన్నా ముందు అరపేజీ అప్లికేషన్ నింపాలి. పైథాన్‌లో స్టవ్ వెలిగించే ఉంటుంది, బియ్యం పోయడమే. మొదటి పాఠం వెనక పేజీలో రాశాను. ఒక్క లైను. బ్రాకెట్లో నీకిష్టమైన మాట పెట్టు, అదే మాట స్క్రీన్ మీద కనపడుతుంది. తెలుగులో కూడా వస్తుంది.

దక్షిణ: నా చిలుక పుస్తకం. చీరా వద్దు, సారె వద్దు. నీ లెక్కలతోనే నీకు పాఠాలు తయారుచేస్తా. వేరేవాళ్ళ ఉదాహరణలతో నేర్చుకుంటే నీకు విసుగొస్తుంది, నాకు తెలుసు.

నాలుగేళ్ళు ఎలా దాచుకున్నావు అత్తయ్యా? చదువుతుంటే ఏడుపొచ్చింది. ఎవరికీ చెప్పను. మీ వేంకటేశ్వరస్వామి మీద ఒట్టు.

నీ గురువు (వయసు ఇరవై ఏడు),
అన్విత

•

నూజివీడు,
14 అక్టోబరు 2024, సోమవారం.

గురువుగారైన మా అన్వితకు అత్తయ్య నమస్కారమూ, ఆశీస్సూ రెండూ.

మొన్న దశమి నాడు లాప్‌టాప్‌ని పీట మీద పెట్టి బొట్టు పెట్టాను. మీ మామయ్య చూసి, "దానికీ దిష్టి తీస్తావేంటి, పప్పూ బెల్లం కూడా పెట్టకపోయావా" అన్నారు. పెట్టాను కూడా. ఆయన బయటికెళ్ళాక నీ పాఠం తీసి, బ్రాకెట్లో "శ్రీ వేంకటేశాయ నమః" అని కొట్టాను. మాటకి అటూ ఇటూ కామాలు పెట్టడం మర్చిపోయి నాలుగుసార్లు దాని చేత తిట్లు తిన్నాను. అయిదోసారి వచ్చింది. యాభై ఏళ్ళ దాన్ని, పలక మీద మొదటి అక్షరం దిద్దినదానిలా కూర్చుండిపోయాను.

పుస్తకం ఆర్టీసీ పార్సిల్లో పంపుతున్నాను. ఊరికే కట్టి పంపలేదు. తమలపాకూ వక్కా పెట్టి, స్వామి ఎదురుగా నీ పేరు చెప్పి పళ్ళెంలో ఇచ్చాను. దక్షిణ అంటే దక్షిణే. ఈ ఏటికి వేరే పుస్తకం కుట్టుకున్నాను. లోపల పసుపు చుక్కలు ఉంటాయి, తుడవకు. వాటి సంగతి పాఠం అక్కడిదాకా వచ్చినప్పుడు చెబుతాను. ఒకేసారి చెబితే గాభరా పడతావు.

రెండో పాఠం ఎప్పుడు? కార్తీకంలో పనులెక్కువ, కానీ మధ్యాహ్నాలు నావే.

అత్తయ్య

•

హైదరాబాదు,
20 జనవరి 2025.

అత్తయ్యా,

సారీ. మూడు నెలలైంది, నీ దసరా ఉత్తరమూ, ఆ తర్వాత రాసినదీ అందాయి. ఇది ప్రింట్ తీసి పంపుతున్నా, చేత్తో రాసే టైము లేదు. ఉద్యోగం మానేసి నలుగురం కలిసి కొత్త పని మొదలుపెట్టాం. వివరాలు తర్వాత చెబుతా.

పైథాన్ ఇప్పుడే వద్దులే. స్క్రాచ్ అని ఉంటుంది, దాంతో మొదలుపెట్టు. టైపు చేసే పని లేదు, రంగు రంగు ముక్కలు ఒకదానికొకటి అతికించడమే. ఒక పిల్లి ఉంటుంది, నువ్వు చెప్పినట్టు నడుస్తుంది. చిన్నపిల్లలు కూడా చేసేస్తారు. నీకు మంచి కాలక్షేపం.

పుస్తకం భద్రం.

అన్విత

•

నూజివీడు,
9 ఫిబ్రవరి 2025, ఆదివారం.

అన్వితకు,

నీ ఉత్తరం వచ్చిన రోజు సున్నుండలు చేసి పంపాను, అందాయా? ఉద్యోగం మానేశానంటే కంగారు పడ్డాను. ఒంట్లో బాగుండలేదేమోనని అనుకున్నాను, ఎవరైనా అబ్బాయి సంగతేమోనని కూడా అనుకున్నాను. ఏదైనా సరే, నాకు చెప్పుకోవచ్చు. నేను నీకు చెప్పుకున్నాను కదా.

గురువు చెప్పారు కనుక పిల్లితో కూర్చున్నాను. పది అడుగులు నడిపించాను. కుడి వైపు మామిడిపండు బొమ్మ పెట్టి, దాన్ని తాకితే "పండింది" అనేలా చేశాను. తాకిన ప్రతిసారీ అంటుంది. కాయైనా అంటుంది, కుళ్ళినా అంటుంది. అది అలా అంటుంటే ఎందుకో నన్ను నేనే చూసుకున్నట్టు అనిపించి మూసేశాను.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. పైథాన్ నాకెందుకు వద్దన్నావు? దసరాకి ఒక్క లైనేగా రాశాను, అదీ అయిదోసారికి వచ్చిందిగా. పదో తరగతి దానికి అది అందదనా? అలాగైతే ముందే చెప్పాల్సింది. కాలక్షేపానికి నాకు విష్ణుసహస్రం ఉంది.

దయామణి టీచరు ఆదివారాలు చర్చి నుంచి వచ్చాక గంటసేపు కూర్చుంటానన్నారు. వాళ్ళ బడిలో పిల్లలకి పైథానే చెబుతారట. నీ పేరు చెప్పి ఆపాను. గురువుండగా ఇంకొకరి ముందు పుస్తకం తెరవకూడదు. నువ్వు సరేనంటేనే వెళతాను.

పూత విరగబూసింది. రెడ్డిగూడెం వెళ్ళే దారంతా బస్సు కిటికీలోంచి చూస్తూ వెళ్ళాను. పూత వాసన గుర్తు తెచ్చుకుందామని చూశాను.

జవాబు రాయి.

అత్తయ్య

•

నూజివీడు,
18 మే 2025, ఆదివారం.

అన్వితకు,

జవాబు రాలేదు. అయినా మొన్న శుక్రవారం నిన్ను చూశాను.

రెడ్డిగూడెంలో తోటలు కౌలుకి చేసే సాయిరాఘవ తెలుసుగా. ఆ రోజు పొద్దున యార్డులో ఫోను పట్టుకుని మీ మామయ్య దగ్గరికి వచ్చి, "ఉమాపతి గారూ, మీ ఇంటి కథ వీడియోగా వచ్చిందండీ" అని అందరి మధ్యా పెట్టాడట. పాపం, అతను మెచ్చుకుందామనే పెట్టాడు. వెనక నుంచి ఎవరో, "అయితే ముక్కు లేని అమ్మగారి పళ్ళనా మనం ఇన్నాళ్ళూ కళ్ళకద్దుకుంది" అన్నారట. నవ్వారట.

ఇవేవీ నాకు తెలియవు. మధ్యాహ్నం మీ మామయ్య భోజనానికి వచ్చారు. చేతిలో తుండుగుడ్డ చుట్టి ఏదో ఉంది. "కళ్ళు మూసుకో, ఏ రసమో చెప్పు" అన్నారు. పెళ్ళయిన కొత్తలో ఆడే ఆట అది. ముచ్చటపడి కళ్ళు మూసుకున్నాను. ఆయనే నా ముక్కు దగ్గర పెట్టారు. వారం కిందట వేసిన గంపలు గుర్తు చేసుకుని, "చిన్నరసం, సాయిరాఘవ తోటది" అన్నాను.

కళ్ళు తెరిస్తే సగం కోసిన ఉల్లిపాయ.

"నాలుగేళ్ళు నాతో ఆడిన ఆట ఇదన్నమాట" అన్నారు. కేకలెయ్యలేదు. విస్తట్లో నీళ్ళు చిలకరించి లేచిపోయారు. ఆ మెతుకులు కాకులకి పెట్టాను.

సాయంత్రం సాయిరాఘవ భార్య అన్నపూర్ణ వచ్చింది. "వదినగారూ, మీ మేనకోడలు ఎంత చక్కగా మాట్లాడిందో చూడండి" అని తనే చూపించింది. చూశాను. నీ వెనక పెద్ద తెర. నువ్వు చిలుక పుస్తకం ఎత్తి పట్టుకున్నావు. "మా అత్తయ్యకి వాసన పోయింది, మామయ్యకి కూడా చెప్పుకోలేక నాలుగేళ్ళు నటించింది, ఆమె కన్నీళ్ళలోంచి పుట్టిందే ఈ యాప్" అన్నావు. అందరూ చప్పట్లు కొట్టారు.

నా కన్నీళ్ళు నువ్వెప్పుడు చూశావమ్మా?

ఇంకొకటి కూడా చూశాను. ఆ తెర మీద మీరు రాసిన ప్రోగ్రాం కాసేపు కనపడింది. దసరా నాడు నేను బ్రాకెట్ ముందు కొట్టిన మాట అందులో ఉంది. అది పైథాన్ అని నాకు తెలిసింది. ఆ మాత్రం నువ్వే నేర్పావు. నా చేతికి పిల్లిని ఇచ్చి, నా పుస్తకంతో నువ్వు పైథాన్ రాసుకున్నావు. అడిగితే కాదంటానా? "అత్తయ్యా, కలిసి రాద్దాం" అని ఉంటే చెప్పులేసుకోకుండా వచ్చేదాన్ని.

ఆయనకి నేను చెప్పాల్సిన మాట అది. నేను సిద్ధపడుతున్న మాట. నా నోట్లోంచి తీసుకెళ్ళి సభలో చెప్పావు.

సౌభాగ్యలక్ష్మి

•

హైదరాబాదు,
27 మే 2025.

అత్తయ్యా,

ఫోన్లు తీయడం లేదు మీరు. అందుకే కొరియర్‌లో పంపుతున్నాను.

మిమ్మల్ని బాధపెట్టాలని చేయలేదు. కథ చెబితే మనసుకి తగులుతుందని మా ఉదయ్ కిరణ్ అన్నాడు. మేం నలుగురిలో మాట్లాడే పనులు అతనివే. మీ పేరు ఎక్కడా చెప్పలేదు. పుస్తకం సంగతంటారా, దక్షిణగా ఇచ్చానని, దక్షిణ అంటే దక్షిణే అని మీరే రాశారు. ఇచ్చేశాక అది నాదే కదా అనుకున్నాను. అందులో తప్పేముందో ఇప్పటికీ నాకు పూర్తిగా అర్థం కావడం లేదు, నిజం చెబుతున్నాను. స్క్రాచ్ మాత్రం తప్పే. మీరు పాఠాలు అడుగుతుంటే నాకు టైము లేదు, ఏదో ఒకటి చెప్పి ఆపాలనుకున్నాను.

ఇప్పుడు ఇంకో కష్టం వచ్చింది. మా యాప్ వాడే రైతులు పళ్ళ పెట్టెల మీద ఏ తేదీన తెరవాలో అందులో చూసి రాసి పంపుతున్నారు. ఆ తేదీకి తెరిస్తే పళ్ళు నీరు కారుతున్నాయట. ఒకరిద్దరు కాదు, సాయిరాఘవ గారితో కలిపి పదకొండు మంది. అందరూ నన్నే అడుగుతున్నారు. ప్రోగ్రాం వందసార్లు చూశాం, అందులో తప్పు లేదు. పుస్తకం నిండా పూజ చేసిన చేతుల పసుపు మరకలున్నాయి, వాటి కింద ఏమైనా అంకెలు పోయాయా? మేం తప్పు చదివామా?

పుస్తకం ఈ కవర్లోనే వేరే సంచిలో పెట్టి వెనక్కి పంపుతున్నాను. మీది మీకే. కానీ ఆ తప్పు ఎక్కడుందో ఒక్కసారి చూసి చెప్పండి. ప్లీజ్ అత్తయ్యా.

అన్విత

•

నూజివీడు,
31 మే 2025, శనివారం.

అన్వితకు,

ఎప్పుడూ "నువ్వు" అనే దానివి, ఈసారి "మీరు" అన్నావు. తప్పు చేశానని నీకు అర్థం కాలేదన్నావు కానీ నీ చేతికి అర్థమైంది.

ముందు పళ్ళ సంగతి. అవి ఏ పాపమూ చెయ్యలేదు.

మా అత్తగారింట్లో ఒక పద్ధతుంది. స్వామికి నైవేద్యం పెట్టకుండా ఏ కాయనీ "పండింది" అని నోటితో అనకూడదు, చేత్తో రాయకూడదు. మేం గుడికి వెళ్ళేది శనివారం. మంచిరోజైతే మధ్యలో కూడా వెళతాం. పండు గురువారమే పండినా, పుస్తకంలో పండిన రోజు అని శనివారమే రాస్తాను. రెండు రోజుల ముందే పండిందని గుర్తుకి పక్కన రెండు పసుపు చుక్కలు పెడతాను. ఒక రోజైతే ఒక చుక్క. ఆ రోజే పండితే చుక్క ఉండదు. రాసిన రోజుల్లోంచి చుక్కలు తీసేస్తే వచ్చేది అసలు లెక్క. ఎనిమిది రోజులని ఉండి రెండు చుక్కలుంటే ఆరో రోజునే తియ్యాలి. మీరు ఎనిమిదో రోజు తియ్యమన్నారు.

నీ ఉత్తరం వచ్చిన రోజే అన్నపూర్ణని పిలిచి ఇది చెప్పాను. మిగతా పదిమందికీ సాయిరాఘవ ఫోన్లు చేశాడు. ఇంక నీ ప్రోగ్రాం నువ్వు దిద్దుకో.

తుడవకని రాశాను. పాఠం అక్కడిదాకా వస్తే చెబుతానని రాశాను. మీరు తుడవలేదు, అది నిజమే. మరకలన్నారు. పందొమ్మిదేళ్ళు నేను స్నానం చేసి, మడి కట్టుకుని పెట్టిన చుక్కలు అవి. నాకు రెండో పాఠం చెప్పి ఉంటే నీకు మొదటి తప్పు వచ్చేది కాదు.

పుస్తకం సంచి విప్పకుండా తిప్పి పంపుతున్నాను. నాకు అది లేకపోతే ఎంత కష్టమో నీకు తెలుసు. అయినా స్వామి ఎదుట నీ పేరు చెప్పి ఇచ్చినది వెనక్కి పుచ్చుకోను. ఆ పుస్తకం నీదే. నేను వీడియోలో చూసి ఏడ్చింది పుస్తకం కోసం కాదు. పుస్తకం నీకిచ్చాను, నా ముక్కు సంగతి నీకివ్వలేదు, దాచమని చెప్పుకున్నాను. ఇచ్చినదానికీ చెప్పుకున్నదానికీ తేడా నీకు ఎవరూ నేర్పలేదేమో. నేనే నేర్పి ఉండాల్సింది, సెలవులకి వచ్చినన్నాళ్ళూ. పేరు చెప్పలేదన్నావు. నూజివీడులో చిలుక పుస్తకం పెట్టుకుని గడ్డిలో వాసన చూసే మామిడి వర్తకుడి భార్యలు ఎంతమంది ఉంటారమ్మా?

నీ వీడియో చూశాక వచ్చిన ఆదివారమే దయామణి టీచరు దగ్గరికి వెళ్ళాను. నువ్వు సరేనని రాస్తావని ఫిబ్రవరి నుంచి ఆగాను, ఇంక ఆగలేదు. నా సంగతి వాళ్ళింటిదాకా వెళ్ళే ఉంటుంది, ఒక్క మాట ఎత్తలేదు. "ఏ భాషండీ?" అని మాత్రం అడిగారు. "దసరాకి మొదలుపెట్టినదే" అన్నాను. కుర్చీ జరిపి పక్కన కూర్చున్నారు. సెలవులు కదా, రోజూ రమ్మన్నారు. రెండు వారాలు పట్టింది. పదకొండు లైన్లు. పాత లెక్కలు లేవు కనుక ఈ ఏడు వేసిన నలభై గంపలతోనే రాశాను. అందులో రోజులకొక చోటు, చుక్కలకొక చోటు విడిగా పెట్టాను. నిన్న పెద్దరసాల గంపకి నాలుగో తారీఖని చెప్పింది. నిజమో కాదో బుధవారం తెలుస్తుంది.

అది పట్టుకెళ్ళి మీ మామయ్యకి చూపించాను. "ముక్కు పోయిందండీ, కానీ ఇదుగో" అందామని ఎనిమిది నెలలు అనుకున్నాను. ఆ మాట అనడానికి నోరు రాలేదు. ఆయనకి తెలిసిపోయాక ఇంక అందులో ఏముంది? ఊరికే తెర తిప్పి ఆయన వైపు పెట్టాను. కళ్ళజోడు తీసి చూశారు, మళ్ళీ పెట్టుకుని చూశారు, వెళ్ళిపోయారు. ఉల్లిపాయ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడటం లేదు. కానీ ఇవాళ పొద్దున షెడ్డులోంచి వచ్చి, గుమ్మంలో నిలబడి, గోడతో అన్నట్టు, "మూడో గంపలో వాసన వచ్చింది" అన్నారు. నేను రాసుకున్నాను. గోడకి చెప్పినా సరే, అబద్ధం లేకుండా చెప్పారు.

నీ పుస్తకంతో పాటు నా పదకొండు లైన్లు కూడా చేత్తో రాసి పెట్టాను. వీడియోలో చూపించుకోవడానికి కాదు. చుక్కలు ఎలా తీసెయ్యాలో అందులో ఉంది.

ఏటా మొదటి కాపు చిన్నరసాల పెట్టె నీకే వచ్చేది. విద్య వచ్చాక మొదటి ఫలం గురువుకే చెందాలి కనుక ఈ ఏడు అది దయామణి గారింటికి వెళ్ళింది. నీకోసం ఏ పండూ ఎంచలేదు. వాసన తెలియని దాన్ని, మంచివేవో నాకేం తెలుస్తుంది? నువ్వే చెప్పావు కదా, సభలో.

సౌభాగ్యలక్ష్మి